ఇల్లు ఖాళీ చేస్తారు సరే, ఎక్కడ పారబోస్తారు?

ప్రశ్న: సీతమ్మధారలో నాన్నగారు కట్టించిన పాత ఇల్లు మాది. ఆయన పోయి ఏడాది దాటింది. అమ్మను నాతో బెంగళూరు తీసుకెళ్లి, ఇల్లు అద్దెకు ఇవ్వాలని అనుకుంటున్నాం. మేడ మీద గది నిండా పాత సామాను ఉంది. పెరట్లో హుద్‌హుద్‌కు పడిన మామిడి మొద్దు, కొబ్బరి మట్టలు, పగిలిన సిమెంటు రేకులు, గోడ కూల్చిన శిథిలాలు ఉన్నాయి. షెడ్డులో పురుగుమందు సీసాలు, రంగు డబ్బాలు, ఇన్వర్టర్ బ్యాటరీ, నాన్నగారి ఇన్సులిన్ సూదులు ఉన్నాయి. ఎదురింటాయన ఒక మేస్త్రిని పంపారు. ‘38,000 ఇవ్వండి, నాలుగు రోజుల్లో ఇల్లు అద్దంలా చేసిస్తాను. తుక్కు నాకు వదిలేయాలి. రాళ్లూ రప్పలూ పెరటి బావిలో వేసి పూడ్చేస్తాను. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి అదీ బాగు చేయిస్తాను’ అంటున్నాడు. నాకున్న సెలవు పది రోజులే. ఒప్పుకోవచ్చా? ధర సరైనదేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం:

ధర సంగతి చివర్లో చూద్దామమ్మా. మేస్త్రి చెప్పిన పనుల్లో రెండు ఎంత చవకగా చేస్తానన్నా చేయించకూడనివి. ముందు అవి తేల్చుకుందాం.

మొదటిది బావి. నేలలోని నీటి దాకా తవ్విన గొయ్యి అది. అందులో ఏది పడినా మీ వీధిలోని బోర్లన్నిటికీ వాటా అందుతుంది. ‘రాళ్లే కదా’ అని మేస్త్రి అంటాడు. రెండో రోజు సాయంత్రానికి మనుషులు అలసిపోతారు, గేటు దాకా మోయడం బరువవుతుంది, బావి పక్కనే నోరు తెరుచుకుని ఉంటుంది. రాళ్ల వెనకాలే రంగు డబ్బాలు, రేకు ముక్కలు, ఆ బ్యాటరీ కూడా వెళతాయి. పైన రెండడుగుల మట్టి పరిస్తే ఎవరికీ కనిపించదు. బావి వద్దనుకుంటే దాన్ని గట్టి ఇనుప జాలీతో మూయించి, మేడ మీది వాన నీటిని కంకర, ఇసుక వడపోత గుండా అందులోకి మళ్లించండి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో, ఉన్న బావిని పూడ్చుకోవడం ఏం తెలివి?

రెండోది సెప్టిక్ ట్యాంకు. మనిషిని దించనే వద్దు. అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. దిగినవాడు పడిపోతే లాగడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. దేశంలో ఇలాంటి చావులు ఎన్నో ఇలాగే జరిగాయి. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితేనే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని పెట్టుకున్నది మేస్త్రి కదా అంటే కుదరదు, పరోక్షంగా పని చేయించినవారికీ అది వర్తిస్తుంది. గొట్టంతో పీల్చుకునే వాహనాన్ని పిలిపించండి. పాత బావిలోకి కూడా మనిషిని దించవద్దు.

ఇప్పుడు ‘తుక్కు నాకు వదిలేయండి’ అన్న మాట చూద్దాం. వినడానికి చిన్న కోరికే. కానీ అతని అసలు లాభం అందులోనే ఉంది. పాత సీలింగ్ ఫ్యాను కాటా మీద ఇనుము ధరకు తూగుతుంది. దాని పొట్టలో చుట్టి ఉన్నది మాత్రం చాలావరకు రాగి. నీటి మోటారు, మిక్సీలదీ అదే కథ. మేడ మీది గదిలో పాత గిన్నెలుంటే ఒక్కొక్కటీ వేలితో తట్టి చూడండి. ఖంగుమని సాగి మోగితే అది కంచు కావచ్చు. కొనేవాడు మాత్రం పసుపుగా కనిపించిన దాన్నల్లా ఇత్తడి లెక్కలో వేసేస్తాడు, కంచు ధర దానికంటే ఎక్కువ. అందుకని ఇనుము, రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, కాగితం విడివిడిగా పెట్టి, పాత సామాన్లు కొనేవాళ్లను ఇద్దరిని వేర్వేరు సమయాల్లో పిలిచి ధర అడగండి. తూకం మీ గుమ్మంలోనే జరగాలి. కాటా వేసే ముందు మీ దగ్గరున్న కిలో పప్పు ప్యాకెట్టును దాని మీద పెట్టి చూడమనండి. నిజాయతీగా ఉన్నవాడు నవ్వుతాడు. రెండోవాడికి వేరే పని గుర్తొస్తుంది.

మీ లాభనష్టాల మాట అలా ఉంచండి, ‘తుక్కు నాది, చెత్త మీది’ అన్న బేరంలో అసలు చిక్కు వేరే ఉంది. అమ్ముడుపోయేది వెంటనే బండెక్కుతుంది. అమ్ముడుపోనిది ఎంత దగ్గరలో దించేస్తే అతనికి అంత డీజిలు మిగులుతుంది. అలా మన ఊళ్లో వాన నీరు పారే గెడ్డలన్నీ పాత పరుపులతో, శిథిలాలతో నిండాయి. వానాకాలంలో గెడ్డ పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ పరుపు ఎవరిదని ఎవరూ అడగరు. కాబట్టి ఎవరిని పిలిచినా ‘ఎంతకు తీసుకెళ్తావు?’ అనే ముందు ‘ఎక్కడ దించుతావు?’ అని అడగండి. ‘మేం చూసుకుంటాం అమ్మగారూ’ అన్నవాడికి పని ఇవ్వకండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది షెడ్డు పని. దాన్ని కూలీలకు వదిలేయకూడదు. మొదటి రోజు పొద్దున్న, వాళ్లు రాకముందే, మీరే తలుపు తీసి గంటసేపు గాలి ఆడనివ్వండి. దళసరి రబ్బరు చేతిగ్లౌజులు, మాస్కు, కాళ్లకు బూట్లు ఉండాలి. లోతైన ప్లాస్టిక్ టబ్బులు రెండు మూడు తెచ్చి అడుగున ఇసుక పోయండి. పురుగుమందు సీసాలను నిటారుగా అందులో నిలబెట్టండి. మూత తీసి వాసన చూడకండి. ఒక సీసాలోది ఇంకో సీసాలోకి వంచకండి. తోట ఉన్న పాత ఇళ్లలో చీమల కోసం దాచిన గమాక్సిన్ పొడి డబ్బా ఒకటి అటక మీద కనిపించే అవకాశం ఉంది. ఆ మందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్ తయారీ, వాడకాలను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. డబ్బా మీద పేరు చెరిగిపోయి ఉంటే అదేమిటో కనుక్కునే ప్రయత్నం చేయకుండా, పైన కాగితం అంటించి పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాయండి. కూలీలలో ఎవరైనా ‘ఆ ఖాళీ డబ్బా ఇంటికి పట్టుకెళ్తానమ్మా, నీళ్లకు పనికొస్తుంది’ అని తప్పకుండా అడుగుతారు. ఇవ్వకండి. కావాలంటే కొత్త బకెట్టు ఒకటి కొనివ్వండి, ఆ ఖర్చు లెక్కలోకి రానే రాదు.

స్నానాల గదులు కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు పక్కపక్కనే ఉంటాయి చూడండి. వాటిని ఒకే టబ్బులో పెట్టకండి, ఒకే బండిలో వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెంకటాపురం మీదికి విషవాయువు వచ్చిన ఊరికి ఇంతకంటే విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఇన్సులిన్ సూదులను మూత బిగించే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత చుట్టూ టేపు వేసి, పైన ‘సూదులు’ అని రాయండి. కవరులో వేసి చెత్త బండికి ఇస్తే, ఆ కవరును చేత్తో విడదీసే మనిషికి గుచ్చుకుంటాయి. ఆ మనిషికి మీ నాన్నగారి జబ్బేమిటో తెలియదు, రాత్రంతా భయంతో నిద్ర పట్టదు. కాలం తీరిన మాత్రలను షీటుతో సహా పారేయకుండా షీటును కత్తిరించండి, మళ్లీ ఎవరూ అమ్మకుండా. ట్యూబులైట్లను, సీఎఫ్ఎల్ బల్బులను సంచిలో పట్టడం లేదని విరగ్గొట్టడం పనివాళ్లకు అలవాటు. వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. కాగితంలో చుట్టి అట్టపెట్టెలో నిలబెట్టండి. ఒకవేళ పగిలితే కిటికీలు తెరిచి అందరూ కాసేపు బయటికి రావాలి, తర్వాత గట్టి అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయాలి. చీపురు పెడితే ఆ పాదరసం గదంతా పాకుతుంది.

ఇవన్నీ ఎవరికి ఇవ్వాలి? ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్తను విడిగా తీసుకోవడం నగరపాలక సంస్థ బాధ్యత. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బల్బులు, కాలం తీరిన మందులు, సూదులు పేరుపేరునా రాశారు. ప్రతి ఇరవై చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలని కూడా అందులోనే చెప్పారు. మీ వార్డు సచివాలయానికి వెళ్లి పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శిని కలవండి. ‘చెత్త ఎక్కడ వేయాలి?’ అని అడిగితే ‘బండికి ఇచ్చేయండి’ అంటారు. ‘ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రం మన వార్డుకు ఎక్కడుంది, ఏ రోజు తీసుకుంటారు?’ అని అడగండి. జాబితా కాగితం మీద రాసి, రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. వెంటనే దారి చూపకపోతే టబ్బులను తాళం వేసిన షెడ్డులోనే నీడన ఉంచి వెంటపడండి. నాలుగు వారాలు ఆగినా ఫరవాలేదు, కాలవలో మాత్రం పోయకండి. ‘పరవాడ పంపించేస్తాం’ అని మేస్త్రి అంటే నమ్మకండి. అక్కడి ఫార్మా సిటీలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉన్న మాట నిజమే కానీ అది పరిశ్రమల సరుకు కోసం. ఆటోలో రెండు సీసాలు వేసుకుని వెళితే గేటు తీయరు.

బ్యాటరీకి ఇంత అవస్థ లేదు. కొత్త బ్యాటరీలు అమ్మే దుకాణంలో పాతదాన్ని తీసుకుంటారు. దాని బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి డబ్బు కూడా ఇస్తారు. నిటారుగా మోయించండి, ఒరిగితే యాసిడ్ కారుతుంది. పాత సామాన్ల వాడికి ఇస్తే యాసిడ్ కాలవలో వంచేసి పలకలు పీక్కుంటాడు. పాత గ్యాస్ సిలిండరు ఉంటే ఏజెన్సీకి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. డబ్బా టీవీ, కంప్యూటరు, పాత ఫోన్లు రిజిస్టరైన ఈ-వ్యర్థాల సంస్థకో, కంపెనీ సేకరణ కేంద్రానికో చేర్చండి. టీవీ గాజు బుడ్డిలో సీసం ఉంటుంది, దాన్ని సుత్తితో పగలగొట్టి లోపలి రాగి తీసుకునేవాళ్లు అదే చేతులతో అన్నం తింటారు. కంప్యూటరులో హార్డ్‌డిస్కు ముందే తీసి ఉంచుకోండి.

సిమెంటు రేకుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. పగిలినప్పుడు లేచే ధూళిలో కంటికి కనిపించని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి ఉండిపోతాయి, వాటి వల్ల జబ్బు బయటపడేది పదుల ఏళ్ల తర్వాత. అందుకని రేకులను బాగా తడిపించి, విరగ్గొట్టకుండా, కోయకుండా ఉన్నవి ఉన్నట్టు ఎత్తించండి. పనివాళ్ల ముఖానికి ఆస్బెస్టాస్ ధూళిని ఆపగల ఎఫ్ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం మాస్కు ఉండాలి, తువ్వాలు కట్టుకుంటే చాలదు. ముక్కలను దళసరి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి టేపు వేసి, ఈ మూట సంగతి కూడా కార్యదర్శికి ఇచ్చే జాబితాలో రాయండి. శిథిలాలతో కలిపి ఎవరి పునాది నింపడానికీ పోనివ్వకండి.

పెరటి పని కూలీలదే, దానికి వాళ్లే సమర్థులు. మామిడి మొద్దు 2014 అక్టోబరు నుంచి అక్కడే పడి ఉందంటే ఈపాటికి సగం చెద అయి ఉంటుంది. అడుగున తేళ్లు, రక్తపింజర ఉండవచ్చు. చేతులతో తిప్పనివ్వకండి. ముందు పొడవాటి కర్రతో చుట్టూ గట్టిగా కొట్టించి, కాసేపు ఆగి, గడ్డపారతో పొర్లించమనండి. పాము కనిపిస్తే పని ఆపి, పాములు పట్టేవారిని పిలవాలి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, కాలు కదపనివ్వకుండా నేరుగా కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే కేజీహెచ్‌కు తీసుకెళ్లండి. మీ కొబ్బరి చెట్లు ఇంకా నిలబడి ఉంటే కుళ్లిన మొద్దులను, పాత పెంటను పెరట్లో ఉంచకండి. కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. బాగున్న మట్టలను కూలీలు పొయ్యిలోకి పట్టుకెళ్తామంటే సంతోషంగా ఇవ్వండి, ఈనెలు తీసుకుంటే చీపుర్లవుతాయి. ఆకులు గొయ్యి తీసి పూడిస్తే ఎరువు. మొత్తం పోగేసి అంటిస్తానని మేస్త్రి అంటే ఆపండి. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే చెప్పింది. జరిమానా పడుతుందో లేదో తెలియదు కానీ పక్కింటివారి దగ్గు మాత్రం ఖాయం. నిలబడి ఉన్న చెట్టును ఊరికే కొట్టించకండి, నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు.

ఇక మనుషుల సంగతి. మొత్తం గుత్తకు ఇవ్వకుండా, సామాను విడదీసే రెండు మూడు రోజులకు ఇద్దరు ముగ్గురిని రోజు కూలికి పెట్టుకోండి, బండి మాత్రం ట్రిప్పు లెక్కన మాట్లాడండి. గుత్త అయితే త్వరగా ముగించడమే వాళ్లకు లాభం. రోజు కూలి అయితే పక్కన నిలబడి ‘ఇది ఇటు, అది అటు’ అని చెప్పే వీలు మీకుంటుంది. పనివాళ్లకు గ్లౌజులు, బూట్లు మీరే కొనివ్వండి. మజ్జిగ, మధ్యాహ్నం నీడన గంటసేపు విశ్రాంతి ఇవ్వండి. మన సముద్రపు ఉక్కలో పనివాడు కళ్లు తిరిగి పడిపోవడం వింత కాదు. ఆడకూలీకి మగకూలీ కంటే తక్కువ ఇవ్వడం అడ్డా మీద రివాజు. గమేళాలో రాళ్ల బరువు ఇద్దరికీ ఒకటే కాబట్టి ఇద్దరికీ ఒకే కూలి ఇవ్వండి, అది మేస్త్రి చేతికి కాకుండా వాళ్ల చేతికే ఇవ్వండి. పిల్లలను వెంట తెస్తే పనిలో పెట్టనివ్వకండి. తుప్పు మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్ ఖర్చు మీదని ముందే చెప్పండి. లేకపోతే కూలి పోతుందని దెబ్బ దాచుకుంటారు.

గోడ శిథిలాలకు ముందు సచివాలయంలో అడిగి, నగరపాలక సంస్థ చూపిన చోటుకే, రుసుము ఉంటే కట్టి పంపండి. మొదటి ట్రిప్పు వెంట మీ తరఫు మనిషి ఎవరైనా వెళ్లాలి. తర్వాతి ట్రిప్పులకు దించిన చోట ఫొటో తీసి ఫోనుకు పంపమనండి, ఫొటో వచ్చాకే ఆ ట్రిప్పు డబ్బు.

మీ అమ్మగారి గురించి మీరేమీ రాయలేదు. ఆ మేడ మీది గదిలో సగం సామాను ఆవిడది. కూలీలు వచ్చే ముందు రోజు ఆవిడను అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పెట్టె చేతికిచ్చి, ‘ఇందులో పట్టినవన్నీ బెంగళూరు వస్తాయి’ అని చెప్పండి. పాత పుస్తకాలు, కాగితాల కట్టలు తూకానికి వేసే ముందు ఒక్కొక్కటీ విప్పి దులపండి. ఇంటి దస్తావేజులు, బ్యాంకు డిపాజిట్ కాగితాలు అలాంటి చోట్లే దాస్తారు ఆ తరం వాళ్లు.

ఇప్పుడు 38,000. అందులో బావి పూడ్చడం, ట్యాంకులోకి మనిషిని దించడం కలిసి ఉన్నాయి, అవి తీసేయండి. షెడ్డు సరుకు, రేకులు మీ చేతిలో ఉన్నాయి, అవీ తీసేయండి. తుక్కు విలువ ఎంతో అతను మీకు చెప్పలేదు, కాబట్టి అతను అడిగినది నిజానికి 38,000కు పైమాటే. ఇద్దరు పాత సామాన్ల వాళ్లు చెప్పిన ధరలు చేతిలో పెట్టుకుని, అదే మేస్త్రిని మళ్లీ పిలవండి. పెరటి మొద్దు, మట్టలు, శిథిలాలు మాత్రమే, కూలి రోజుకింత, బండి ట్రిప్పుకింత, దించిన చోటి ఫొటో వచ్చాక డబ్బు అని చెప్పండి. ఒప్పుకుంటే పని అతనికే ఇవ్వండి, పెరటి పని చేయగలిగినవాడే కావచ్చు. ఎదురింటాయన మొహమాటమూ తీరుతుంది. ఫొటో దగ్గర నసిగితే ఇంకో ట్రాక్టరు చూసుకోండి. సెలవు పది రోజులే కాబట్టి సచివాలయానికి మాత్రం మొదటి రోజే వెళ్లండి.